మెమరీ పద్దు, తాళాల పీటముడి

సిడ్నీ పడమటి శివార్లలో టూంగాబీ, పెండిల్ హిల్, వెంట్వర్త్‌విల్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లకు కొదవ లేదు. ఐటీ ఉద్యోగమున్న ఇంట్లో అర్ధరాత్రి ఫోను మోగిందంటే ఎక్కడో సర్వరు మీద ఒక ప్రోగ్రాము ఆగిపోయిందనే అర్థం. ల్యాప్‌టాప్ తెరిస్తే 'ఓఓఎం కిల్డ్' అనే మాట, దాని పక్కన 137 అనే అంకె కనిపిస్తాయి. మనవణ్ని చూసుకోవడానికి గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన అమ్మ ఆ అలికిడికి లేచి అడుగుతుంది.

"ఏమైందిరా ఈ వేళప్పుడు?"

"సర్వర్లో మెమరీ అయిపోయిందమ్మా."

"అయిపోతే ఇంకాస్త కొని వెయ్యరాదూ?"

"మెషీన్లో బోలెడు ఖాళీ ఉంది. ఈ ప్రోగ్రాము వాటా అయిపోయింది, అంతే."

"ఎవరి వాటా ఎంతో, ఎవరెంత వాడారో ఎవరు రాస్తున్నార్రా? ఆ రాసేవాడు సరిగ్గా రాస్తున్నాడని నమ్మకమేమిటి?"

కంప్యూటరు చదువు లేనివాళ్లు అడిగే ప్రశ్నల్లో ఇంత సూటిగా తగిలేది మరొకటి లేదు. ఆ లెక్క రాసే పని మీద ప్రపంచంలోని గట్టి ఇంజినీర్లు పదిహేనేళ్లకు పైగా కుస్తీ పట్టారు, ఇంకా పడుతున్నారు.

లెక్క రాసేవాడు

కంప్యూటరులో అన్నిటికన్నా అడుగున, అన్నిటికన్నా ఎక్కువ అధికారంతో నడిచే ప్రోగ్రాము కెర్నల్. బ్రౌజరైనా, బ్యాంకు లావాదేవీలు నడిపే సాఫ్ట్‌వేరైనా మెమరీ కావాలంటే దాన్నే అడగాలి. కెర్నల్ మెమరీని పేజీలుగా విడగొట్టి పెట్టుకుంటుంది. మామూలుగా ఒక పేజీ అంటే 4,096 బైట్లు. 8 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్‌లో అలాంటివి 20,97,152 పేజీలు. ఒక పేజీ ఇచ్చినప్పుడల్లా, తిరిగి తీసుకున్నప్పుడల్లా లెక్క మారాలి.

ఇంట్లో వాడుకునే కంప్యూటరుకు మొత్తం ఎంత, మిగిలింది ఎంత అని తెలిస్తే సరిపోతుంది. క్లౌడ్ వచ్చాక అది చాలలేదు. ఒకే పెద్ద యంత్రం మీద పదిమంది ఖాతాదారుల ప్రోగ్రాములు నడుస్తాయి. ఒకరి ప్రోగ్రాము మెమరీ అంతా మింగేస్తే మిగతా తొమ్మిదిమందీ నష్టపోతారు. అందుకని ప్రోగ్రాములను గుంపులుగా కట్టి, ఒక్కో గుంపుకు ఒక్కో హద్దు పెట్టాలి. గూగుల్‌లో పాల్ మెనాజ్, రోహిత్ సేథ్ 2006లో ఈ గుంపుల పని మొదలుపెట్టారు. 2008 జనవరిలో విడుదలైన లినక్స్ కెర్నల్ 2.6.24లో అది చేరింది. గుంపువారీగా మెమరీ లెక్క రాసే భాగం ఆ తర్వాతి విడుదలలో, అంటే 2008 ఏప్రిల్‌లో వచ్చిన 2.6.25లో చేరింది. దాన్ని ముందుండి రాసినవాడు ఐబీఎం ఇంజినీరు బల్బీర్ సింగ్. ఈనాడు మనం కంటైనర్ అని పిలుస్తున్నది ఈ పునాది మీదే నిలబడింది.

ఒకే పుస్తకం, ఒకే పెన్ను

టూంగాబీ స్టేషను దగ్గర ఒక అద్దె ఇంట్లో అయిదుగురు కుర్రాళ్లు కలిసి ఉంటున్నారనుకుందాం. సరుకుల ఖర్చు ఉమ్మడి. ఫ్రిజ్ మీద ఒక లెక్కల పుస్తకం ఉంటుంది. వారానికి 300 డాలర్లు దాటకూడదని కట్టుబాటు. ఎవరు ఏం కొన్నా పుస్తకంలో పాత మొత్తం చూసి, తన ఖర్చు కలిపి, కొత్త మొత్తం రాయాలి.

ఒకడు పాలు, పెరుగు తెచ్చాడు. పుస్తకంలో 100 ఉంది. తన 20 కలిపితే 120 అని మనసులో అనుకుంటూ పెన్ను కోసం గదిలోకి వెళ్లాడు. ఈలోగా రెండోవాడు బియ్యం సంచీతో వచ్చి పుస్తకం చూశాడు. ఇంకా 100 అనే ఉంది. తన 30 కలిపి 130 రాసి వెళ్లిపోయాడు. మొదటివాడు తిరిగొచ్చి, తన మనసులో ఉన్న 120 రాసేశాడు. ఇద్దరూ నిజాయితీపరులే, ఇద్దరి కూడికా సరైనదే. అయినా 30 డాలర్లు గాల్లో కలిసిపోయాయి.

కెర్నల్‌లో జరిగేదీ అచ్చంగా ఇదే. లెక్క మార్చడమంటే మూడు పనులు: అంకెను చదవడం, కలపడం, తిరిగి రాయడం. రెండు ప్రాసెసర్లు ఈ మూడింటినీ ఒకేసారి మొదలుపెడితే ఒకరి పద్దు ఇంకొకరి పద్దును తుడిచేస్తుంది. లెక్క తక్కువ చూపిస్తే హద్దుకు అర్థమే ఉండదు. తీసివేతలు పోయి లెక్క ఎక్కువ చూపిస్తే ఏ పాపమూ ఎరగని ప్రోగ్రాము బలైపోతుంది. కోటిసార్లలో ఒక్కసారి జరిగినా చాలు. సర్వరు నెలల తరబడి ఆగకుండా నడుస్తుంది కాబట్టి ఆ ఒక్కసారి ఏదో ఒకరోజు తప్పక వస్తుంది.

దీనికి మందు తాళం. పెన్ను చేతిలో ఉన్నవాడే పుస్తకం తెరవాలి, మిగతావాళ్లు ఆగాలి. సిద్ధాంతంగా ఇది 1965లో డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా తేల్చిన విషయమే. చిక్కంతా తాళం వేయడంలో లేదు, వేశాక పుట్టుకొచ్చేవాటిలో ఉంది.

తాళాలు అక్కర్లేని కాలం

సిడ్నీలోనే ఉన్న న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు ఉండేవారు. యూనిక్స్ ఆరో ఎడిషన్ కెర్నల్‌ను, సుమారు 9 వేల పంక్తులను, విద్యార్థుల కోసం అచ్చువేసి 1977 నాటికి దానికి వ్యాఖ్యానం రాశారు. లైసెన్సు ఆంక్షల వల్ల ఆ పుస్తకం ఏళ్ల తరబడి ఫొటోకాపీలుగానే దేశదేశాలు తిరిగింది. 1996లో గానీ బజారులోకి రాలేదు. కెర్నల్ ఎలా పనిచేస్తుందో ఒక తరం మొత్తం ఆ కాపీలు చూసే నేర్చుకుంది.

అందులో మెమరీ పంచే ఫైలు చాలా చిన్నది. ఖాళీ జాగాల జాబితాలు రెండు: ఒకటి ప్రధాన మెమరీకి, ఇంకొకటి డిస్కు మీద ఉన్న అదనపు చోటుకు. ఎంత వెతికినా ఆ ఫైల్లో తాళం కనబడదు. ఆ యంత్రంలో ఉన్నది ఒకే ప్రాసెసరు. కెర్నల్‌లో ఉన్న పని తనంతట తాను ఆగితే తప్ప ఇంకో పని కెర్నల్‌లోకి రాదు. ఇంట్లో ఉండేది ఒక్కడే అయితే పెన్ను కోసం ఎదురుచూపులెందుకు?

1996లో వచ్చిన లినక్స్ 2.0 ఒకటి కన్నా ఎక్కువ ప్రాసెసర్లను నడపడం నేర్చుకుంది. అప్పుడు వేసిన ఏర్పాటు మొరటుదే: కెర్నల్ మొత్తానికి ఒకే పెద్ద తాళం. లోపలికి ఎవరు రావాలన్నా ముందు అది దొరకాలి. ప్రాసెసర్లు పెరిగేకొద్దీ అవి పనిచేయడం మాని గుమ్మం దగ్గర నిలబడటం ఎక్కువైంది. ఆ పెద్ద తాళాన్ని ముక్కలు చేసి వందల చిన్న తాళాలుగా మార్చడానికి దాదాపు పదిహేనేళ్లు పట్టింది. చివరి ఆనవాళ్లు పోయింది 2011 మేలో వచ్చిన 2.6.39లో.

పుస్తకం దగ్గర గుమికూడితే

2008 నాటి గుంపు లెక్కలో ప్రతి పద్దుకూ ఒక స్పిన్‌లాక్ తీసుకునేవారు. స్పిన్‌లాక్ కోసం నిలబడ్డ ప్రాసెసరు నిద్రపోదు, "దొరికిందా, దొరికిందా" అని చూస్తూ ఉన్నచోటే తిరుగుతూ ఉంటుంది. అంతకుముందు దాకా తాళం వదిలినప్పుడు ఎవరికి దక్కుతుందన్నది వరసను బట్టి కాదు, ఎవరు ముందు లాక్కుంటే వారికే. ఎనిమిది కోర్ల యంత్రంలో దీనివల్ల ఒకే పని చేసే రెండు దారాల్లో (థ్రెడ్లలో) ఒకదానికి ఇంకోదాని కన్నా రెండింతల సమయం పట్టిన సందర్భాలున్నాయి. ఆస్ట్రేలియా ఇంజినీరు నిక్ పిగిన్ దీన్ని సరిదిద్దాడు. వచ్చినవారికి వచ్చిన వరసలో అంకె ఇచ్చి, ఆ వరసలోనే తాళం ఇచ్చే పద్ధతి అతనిది. అదీ ఆ 2.6.25లోనే చేరింది.

వరస న్యాయంగా ఉన్నంత మాత్రాన పొడవు తగ్గదు. పైగా గుంపుల లోపల గుంపులుంటాయి. లోపలి గుంపుకు ఒక పేజీ రాస్తే దాని పై గుంపుకూ, ఆ పై గుంపుకూ రాయాలి. అన్ని తాళాలూ తీసుకోవాలి, అన్నీ వదలాలి.

ఆ అయిదుగురి ఇంట్లో అయితే ఏం చేస్తారు? కొత్తిమీర కట్టకూ పుస్తకం దగ్గరికి పరుగెత్తకుండా, ఒక్కొక్కరు 50 డాలర్లు ముందే చేతిఖర్చుగా తీసుకుని ఒక్కసారే పద్దు రాసుకుంటారు. చిల్లర ఖర్చులు ఆ యాభైలోంచే పోతాయి. ఫుజిట్సు ఇంజినీరు కమెజావా హిరోయుకి లినక్స్‌లో చేసింది ఇదే. ఒక్కో ప్రాసెసరు 32 పేజీలను ఒకేసారి పద్దు వేయించుకుని తన దగ్గర పెట్టుకుంటుంది. తర్వాతి 31 సార్లు పుస్తకం జోలికి వెళ్లనక్కర్లేదు. 2022లో ఆ 32ను 64 చేశారు.

ఇందులో ఒక మూల్యం ఉంది, దాన్ని దాచకుండా చెప్పాలి. 64 ప్రాసెసర్లున్న యంత్రంలో ఒక్కోదాని దగ్గర 64 పేజీలు నిలవుంటే, ఖర్చు కాకుండానే ఖర్చైనట్టు కనబడే మెమరీ 16 ఎంబీ దాకా ఉంటుంది. అందుకని హద్దు తగలగానే కెర్నల్ అన్ని ప్రాసెసర్ల దగ్గరున్న నిలవలనూ వెనక్కి రాబడుతుంది. ఆ రాబట్టే పనికీ ఒక తాళముంది. అప్పటికే ఇంకెవరో ఆ పనిలో ఉంటే రెండోవాడు ఆగడు. తాళం దొరక్కపోతే "సరే, అతను చేస్తున్నాడు కదా" అని తన దారిన తాను పోతాడు. తాళాన్ని అడిగి చూసి, లేదంటే వెళ్లిపోవడం అనే ఈ చిన్న మర్యాద ఎన్ని పీటముళ్లను తప్పించిందో లెక్కలేదు.

ఇక పుస్తకం మీది పెన్ను సంగతి. యోహానెస్ వైనర్ అనే ఇంజినీరు దాన్ని మొత్తంగా తీసేశాడు. ఈ మార్పు 2015 ఫిబ్రవరిలో లినక్స్ 3.19తో వచ్చింది. చదవడం, కలపడం, రాయడం మూడింటినీ మధ్యలో ఎవరూ దూరకుండా ఒకే దెబ్బలో చేసే ఆదేశాలు ప్రాసెసర్లలోనే ఉన్నాయి. కొత్త పద్ధతిలో ముందు హద్దు చూడరు. ముందే కలిపేస్తారు, కలిపాక వచ్చిన మొత్తం హద్దు దాటితే వెంటనే తీసేస్తారు. హద్దు అంచున ఇద్దరు ఒకేసారి వస్తే, ఒకరి తాత్కాలికమైన కూడిక వల్ల రెండోవారికి అన్యాయంగా 'లేదు' అనే జవాబు రావచ్చు. అది తెలిసే ఒప్పుకున్నారు. ప్రతి క్షణమూ పైసాతో సహా సరిపోయే లెక్క కావాలంటే అందరినీ ఆపాలి. ఎవరినీ ఆపకూడదంటే క్షణకాలపు తేడాను సహించాలి. నా మటుకు నాకు ఇది సరైన బేరమే అనిపిస్తుంది.

పీటముడి

లెక్క తప్పడం కన్నా, పని నెమ్మదించడం కన్నా ఘోరమైనది ఇంకొకటుంది. ఇంజినీర్లు దాన్ని డెడ్‌లాక్ అంటారు. దానికి నిజమైన ఉదాహరణ ఒకటి చూద్దాం.

ఒక గుంపు తన హద్దును తాకింది. కెర్నల్ పాత పేజీలు కొన్ని విడిపించడానికి చూసింది, కుదరలేదు. అప్పుడు ఆ గుంపులో ఒక ప్రోగ్రామును బలిగా ఎంచుకుని చంపుతుంది. అది పోతే దాని మెమరీ మిగతావాటికి వస్తుంది. 'ఓఓఎం కిల్డ్' అంటే ఇదే. బలి ప్రోగ్రాము పూర్తిగా పోయేదాకా మెమరీ అడుగుతున్న మిగతావి ఉన్నచోటే ఆగి ఉంటాయి. 2013 దాకా లినక్స్‌లో ఏర్పాటు ఇది. పైకి చూస్తే ఏ లోపమూ లేదు.

కానీ ఈ సందర్భం చూడండి: ఒక ప్రోగ్రాము ఒక ఫైలులోకి రాస్తోంది. రాసేటప్పుడు ఇంకెవరూ ఆ ఫైలును కదపకుండా ఫైలు తాళం తీసుకుంది. రాతకు ఒక కొత్త పేజీ కావలసి వచ్చింది. పేజీని గుంపు ఖాతాలో పద్దు వేయబోతే హద్దు అడ్డొచ్చింది. కాబట్టి బలి పోయేదాకా అక్కడే నిద్రపోయింది, ఫైలు తాళం చేతిలోనే ఉంది. కెర్నల్ బలిగా ఎంచిన ప్రోగ్రాము ఆ సమయానికి అదే ఫైలును కత్తిరించబోతూ అదే తాళం కోసం నిలబడి ఉంది. ఆ తాళం దొరికితే గానీ అది బయటికి రాలేదు. బయటికొస్తే గానీ చావలేదు. అది చస్తే గానీ మొదటిది నిద్ర లేవదు. మొదటిది లేస్తే గానీ తాళం వదలదు.

మన అద్దె ఇంట్లో అయితే ఇలా ఉంటుంది: ఖర్చు హద్దు దాటింది, ఒకడు ఇల్లు ఖాళీ చేయాలన్నారు. వాడి పెట్టె సామాన్ల గదిలో ఉంది. ఆ గది తాళంచెవి ఇంకొకడి జేబులో ఉంది. ఆ ఇంకొకడేమో "వాడు వెళ్లేదాకా ఇక్కణ్నుంచి కదలను" అని వంటింట్లో కూర్చున్నాడు.

1971లో కాఫ్‌మన్, ఎల్ఫిక్, శోషాని అనే ముగ్గురు పీటముడి పడాలంటే నాలుగు పరిస్థితులు కలిసిరావాలని రాశారు. వస్తువు ఒక సమయంలో ఒకరికే దక్కాలి, ఒకటి పట్టుకుని ఇంకోదాని కోసం ఆగాలి, పట్టుకున్నదాన్ని ఎవరూ బలవంతంగా లాక్కోకూడదు, ఎదురుచూపులు వలయంగా మారాలి. నాలుగింటిలో ఏ ఒక్కటి తెగినా ముడి విడిపోతుంది.

2013 నవంబరులో వచ్చిన 3.12లో వైనర్ తెంచింది రెండోదాన్ని. పద్దు వేసేచోట ఇక నిద్రపోవద్దు. హద్దు దాటిందని ఒక గుర్తు పెట్టుకుని, కుదరలేదన్న జవాబుతో వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలి. వెళ్తూ వెళ్తూ తీసుకున్న తాళాలన్నీ ఒక్కొక్కటే వదిలేయాలి. చేతులు ఖాళీ అయ్యాక, ఆగవలసిన అవసరం ఉంటే అప్పుడే ఆగాలి. ఆ దిద్దుబాటులో తెలివైన కొత్త తాళమేమీ లేదు. ఎక్కడ ఎదురుచూడాలి అన్న ఒక్క నిర్ణయమే మారింది. ఈ రంగంలో నాకు ఎంతో నచ్చే మార్పుల్లో ఇదొకటి.

తర్వాత 2016లో మిఖాల్ హోకో మూడో పరిస్థితి వైపు నుంచి ఇంకో పని చేశాడు. బలి ప్రోగ్రాము ఏదో తాళం దగ్గర ఇరుక్కుని ఉన్నా సరే, దాని మెమరీని బయటినుంచే తీసుకునే ప్రత్యేక సేవకుణ్ని కెర్నల్‌లో పెట్టాడు. ఆ హామీ దొరికాక 2018లో పాత పద్ధతిని కొంతవరకు వెనక్కి తేగలిగారు. ఒకసారి సరిదిద్దిన చోటును మళ్లీ మళ్లీ విప్పి చూస్తూ ఉండటం ఈ పనిలో మామూలే.

కెర్నల్ సొంత ఖర్చు

ఇప్పటిదాకా ప్రోగ్రాముల ఖర్చు చెప్పుకున్నాం. ఒక ఫైలు తెరిస్తే దాని పేరును గుర్తుపెట్టుకోవడానికి కెర్నల్‌కే కొంత మెమరీ కావాలి, ఒక్కో పేరుకు మామూలుగా 192 బైట్లు. ఒక ప్రోగ్రాము కోట్ల ఫైళ్లు తెరిస్తే ఆ ఖర్చు ఎవరి ఖాతాలో వేయాలి? 2013 ఫిబ్రవరి దాకా ఎవరి ఖాతాలోనూ పడేది కాదు. 3.8తో గ్లాబర్ కోస్టా రాసిన ఏర్పాటు వచ్చింది. ఒకే పేజీలో ఇద్దరి పద్దులు కలవకుండా ఒక్కో గుంపుకు విడివిడి పేజీలు ఇచ్చారు. సగం నిండిన పేజీలు పేరుకుపోయి వృథా పెరిగింది. 2020లో రోమన్ గుష్చిన్ పేజీలను అందరికీ ఉమ్మడి చేసి, పేజీలోని ఒక్కో వస్తువుకు యజమాని ఎవరో రాసే పద్ధతి తెచ్చాడు.

అంత సన్నగా లెక్క రాయడం మొదలయ్యాక తాళాల చిక్కు మరింత సన్నబడింది. ప్రాసెసరు పద్దు రాస్తుండగా నెట్‌వర్కు కార్డు పిలుస్తుంది. ప్రాసెసరు చేతిలో పని ఆపి ఆ పిలుపు వినాలి. ఆ పిలుపులోనే మళ్లీ ఒక పద్దు రాయవలసి వస్తే? తన చేతిలోనే ఉన్న తాళం కోసం తానే ఎదురుచూస్తుంది. అందుకే ఇలాంటిచోట్ల పద్దు ముగిసేదాకా పిలుపులను ఆపి ఉంచుతారు.

ఇవన్నీ మనిషి కంటితో పట్టడం కష్టం. 2006లో ఇంగో మొల్నార్ లినక్స్‌లో లాక్‌డెప్ అనే కాపలాదారును పెట్టాడు. ఏ తాళం పట్టుకుని ఏ తాళం అడిగారో అది రాసుకుంటూ పోతుంది. ఒకచోట మొదటిదాని తర్వాత రెండోది తీసుకుని, ఇంకెక్కడో రెండోదాని తర్వాత మొదటిది తీసుకుంటే చాలు, పీటముడి నిజంగా పడకపోయినా వెంటనే హెచ్చరిస్తుంది. ప్రమాదం జరగకముందే ఆ రెండు దారులనూ పేర్లతో సహా చూపిస్తుంది.

కెన్సింగ్టన్ దారి

టూంగాబీలో రైలెక్కి సెంట్రల్‌లో దిగి, లైట్ రైలు పట్టుకుంటే కెన్సింగ్టన్‌లోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం వస్తుంది. గెర్నాట్ హైజర్ బృందం అక్కడే ఈ సమస్యను వేరే కొసనుంచి పట్టుకుంది. వాళ్ల కెర్నల్ పేరు ఎస్‌ఈఎల్4. 2009 నాటికి అది సుమారు 8,700 పంక్తుల సీ కోడు. తన నిర్వచనానికి కట్టుబడే నడుస్తుందని 2009లో గణితపరంగా రుజువు చేశారు.

ఆ కెర్నల్ తనకంటూ మెమరీ పంచే పనే పెట్టుకోదు. యంత్రం లేవగానే తనకు కావలసింది ఉంచుకుని, మిగతా మెమరీ అంతా మొదటి ప్రోగ్రాముకు అప్పగిస్తుంది. ఆ తర్వాత ఎవరైనా కెర్నల్‌ను ఏదైనా సృష్టించమంటే, దానికి కావలసిన మెమరీ కూడా అడిగినవారే తెచ్చివ్వాలి. ఎవరి ఖర్చు ఎవరి ఖాతాలో అన్న వివాదం కెర్నల్ లోపలికి రానే రాదు.

తాళం విషయంలో వాళ్లు తీసుకున్న నిర్ణయం ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. లినక్స్ పదిహేనేళ్లు కష్టపడి వదిలించుకున్న ఆ ఒక్క పెద్ద తాళమే తమకు సరిపోతుందని 2015లో ఈ బృందం ఒక పరిశోధన పత్రం రాసింది. చిన్న కెర్నల్‌లోకి వెళ్లిన పని క్షణంలో బయటికొస్తుంది, కాబట్టి దగ్గరగా కలిసి పనిచేసే కొద్దిపాటి కోర్లలో గుమ్మం దగ్గర రద్దీ పెరగదు. అయితే 2009 నాటి రుజువు ఒకే కోరు ఉన్న యంత్రానికి చేసిందని గుర్తుంచుకోవాలి.

లక్షలాది సర్వర్ల మీద నానారకాల ప్రోగ్రాములను మోయాల్సిన లినక్స్ ఈ దారిన నడవలేదు. అది మోసే బరువు వేరు. కానీ రెండు కోడులూ అందరికీ తెరిచే ఉన్నాయి, ఎస్‌ఈఎల్4 కోడు 2014 నుంచి. లినక్స్‌లో ఈ పద్దుల పని చాలావరకు 'ఎంఎం' అనే డైరెక్టరీలో 'మెమ్‌కంట్రోల్' అనే ఫైల్లో ఉంటుంది. ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలు ఇంట్లో ఉంటే ఆ ఫైలు తెరిపించండి. లాక్‌డెప్‌ను ఆన్ చేసిన కెర్నల్‌ను పాత ల్యాప్‌టాప్ మీద నడిపించి, హద్దు తక్కువ పెట్టి, ఒక ప్రోగ్రామును ఆ హద్దు దాకా తోయమనండి. దానికి ఖర్చేమీ లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.